ఖుర్తుబా తెలుసు, కొలనుపాక తెలియదు

ఉర్దూ చదువుకున్న మా ఇళ్ళల్లో స్పెయిన్‌ను స్పెయిన్ అనరు. అందలుస్ అంటారు. ఖుర్తుబా, గర్నాతా, ఇష్బీలియా - ఈ పేర్లు మాకు నల్లగొండ తాలూకాల పేర్లకంటే ముందు నోటికొచ్చాయి. 1933లో అక్కడికి పోయివచ్చిన ఇక్బాల్ ఖుర్తుబా మస్జిదు మీద రాసిన నజ్మ్ మా పెద్దలకు కంఠతా వచ్చేది. చదివి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆ కన్నీళ్ళను మేము తప్పుపట్టడం లేదు. కాని ఒక్క ప్రశ్న అడగక తప్పదు. సముద్రాల అవతల 1492లో పోయిన రాజ్యం కోసం ఏడ్చినవాళ్ళం, మా కాళ్ళకింది నేల సంగతి ఎందుకు అడగలేదు? ఖుర్తుబా తెలిసిన మాకు కొలనుపాక ఎందుకు తెలియదు?

నిజానికి అందలుస్ కూడా మాకు సగమే తెలుసు. ఖుర్తుబా మస్జిదు చూసిన యాత్రికుడు అక్కడినుంచే వెనక్కి తిరుగుతాడు. దక్షిణాన మొంతీయ దాకా పోడు. అక్కడ ద్రాక్షపండ్లను ఎండలో పరిచి, వడిలాక పిండి తియ్యటి మద్యం చేస్తారు. పెద్ద పెద్ద మట్టి బానల్లో పులియబెట్టడం అక్కడి పాత పద్ధతి. ఇంకా కిందికి, మలగా పక్క కొండల్లో అక్సర్‌కియా అనే ప్రాంతముంది. ఆ పేరు అరబ్బీ 'అష్షర్ఖియా', అంటే తూర్పు సీమ. నిటారు వాలుల మీద ఈనాటికీ ద్రాక్షను చేత్తో కోసి, ఎండబెట్టి కిస్‌మిస్ చేస్తారు. లోకమంతా షెర్రీ అని పిలిచే మద్యం పుట్టిన హెరెజ్ ఊరు అరబ్బుల కాలంలో షరీష్. 12వ శతాబ్దంలో ఇష్బీలియాకు చెందిన ఇబ్నుల్ అవ్వామ్ రాసిన వ్యవసాయ గ్రంథంలో ద్రాక్షతీగ పెంపకం గురించి వివరంగా ఉంది. 1609 నుంచి 1614 దాకా, అప్పటికే బలవంతంగా క్రైస్తవులుగా మార్చిన ముస్లింల సంతతిని, దాదాపు 3 లక్షల మందిని, స్పెయిన్ రాజు దేశం నుంచి వెళ్ళగొట్టాడు. మనుషులు పోయారు. ఊళ్ళపేర్లు, తోటలు మిగిలాయి.

ఖురాన్ మత్తును నిషేధించింది. ఇందులో వాదనకు చోటు లేదు. అయినా అందలుస్‌లో ద్రాక్షతోట ఉంది, మద్యం ఉంది, మద్యం మీద కవిత్వమూ ఉంది. రెండో అల్ హకమ్ అనే ఖలీఫా (961-976) తీగలన్నీ పీకించాలనుకున్నాడనీ, ద్రాక్ష లేకపోతే అత్తిపండ్లతో చేసుకుంటారని సలహాదారులు చెబితే మానుకున్నాడనీ ఒక కథ చెబుతారు. ఈ కథలో ఖలీఫా ఉన్నాడు, సలహాదారులున్నారు. తీగ నాటినవాడు, నీళ్ళు పెట్టినవాడు లేడు. తోట పీకితే వాడి పిల్లలు ఏం తినాలి అన్న మాట ఎవరూ అడగలేదు. పాలకుడి మతం గురించి రాసుకున్నంతగా పనివాడి పొట్ట గురించి రాసుకోలేదు. ఈ లోటు స్పెయిన్ ఒక్కదానిదే కాదు. మా నల్లగొండ, పాలమూరు చరిత్రకూ ఇదే లోటు.

ద్రాక్ష మా దగ్గరికి కూడా వచ్చింది. 19వ శతాబ్దం చివర్లో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన హైదరాబాదులోని తన తోటలో వేసిన తీగే 'అనాబె షాహీ'గా పేరుపడి దక్షిణదేశమంతా పాకింది. అయితే అది తినే పండు. తాగడానికి ఈ ఎర్రచెల్క నేల ఇచ్చింది వేరు. చెరువుకట్టల మీద, వాగు ఒడ్డున, పొలం గట్ల మీద నాటకుండానే లేచే ఈత, తాడు. వానలు మొహం చాటేసినా ఈ చెట్లు బతుకుతాయి. గౌడు మోకు వేసుకుని, ముస్తాదు కట్టుకుని తాడెక్కుతాడు, గెల గీసి లొట్టి కడతాడు. ఈతకైతే మట్టలు కొట్టి మెడ దగ్గర గీత పెడతాడు. పొద్దున దించింది తియ్యగుంటుంది, ఎండెక్కేసరికి పులుస్తుంది. లొట్టికి సున్నం పూస్తే పులవకుండా ఉంటుంది. తాటాకు రేకలో పోసి తాగుతారు. కరువు సీమలో కూలివాడికి అది మత్తు మాత్రమే కాదు, పగటిపూట కడుపులో పడే పదార్థం కూడా.

ఈ పనిచుట్టూ ఉన్న మాటలు వినండి. చెట్టుకు కట్టే పన్ను 'రఖం', అరబ్బీ మాట. దుకాణాల వేలం 'హర్రాజు', అదీ అరబ్బీయే. శాఖ పేరు 'ఆబ్కారీ', ఫార్సీలో ఆబ్ అంటే నీరు, కార్ అంటే పని. ఈతకల్లును దక్కనీలో 'సేంధీ' అంటాం. పట్నంలో కల్లు దుకాణాన్ని సేంధీఖానా అనేవాళ్ళు. రఖం అనే గౌడుకు అది అరబ్బీ అని తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అక్సర్‌కియా రైతుకు తన సీమపేరు సంగతి పట్టనట్టే. మాటలు ఇట్లా కలిసిపోయాయి. మనుషుల సంగతి వచ్చేసరికే, 'మీరు బయటివాళ్ళు' అంటారు.

ఇక కొలనుపాక. 1700 ప్రాంతంలో ఇక్కడ మొగలుల ఫౌజుదారు ఉండేవాడు. ఆ రోజుల్లోనే సర్వాయి పాపడు అనే గౌడు కల్లుగీత వదిలి కత్తి పట్టాడు. షాపురంలో కోట కట్టాడు. తన మీదికి వచ్చిన కొలనుపాక ఫౌజుదారును చంపాడు. 1708లో వరంగల్లును కొల్లగొట్టాడు, తర్వాత భువనగిరి మీద పడ్డాడు. 1709లో బహదూర్ షా చక్రవర్తి హైదరాబాదులో ఆయనకు ఖిల్లతు ఇచ్చి గౌరవించాడు. మరుసటి ఏడే పట్టి చంపించాడు. ఓడి తప్పించుకున్న పాపడు చివరికి ఒక కల్లు దుకాణం దగ్గరే దొరికిపోయాడు.

కాఫీఖాన్ రాసిన ఫార్సీ చరిత్రలో పాపడు వట్టి దోపిడీగాడు. ఈనాడు కొందరికి ఆయన తురకల మీద తిరగబడిన హిందూ వీరుడు. రెండూ అబద్ధానికి దగ్గరగా ఉన్నాయి. జనం పాడుకున్న పాపడి కథలో ఆయన వెంట నడిచినవాళ్ళ పేర్లున్నాయి. చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి ఉన్నారు. వాళ్ళతోపాటు హసన్, హుసేన్, దూదేకుల పీరు కూడా ఉన్నారు. వరంగల్లు కొల్లలో పాపడు చెరపట్టినవాళ్ళలో ఆ నగర ఖాజీ భార్య, కూతురు ఉన్నారన్నది కూడా చరిత్రే. దాన్ని దాచం. ఖాజీ ముస్లిమే, దూదేకుల పీరూ ముస్లిమే. ఒకరు కోటలోపల, ఒకరు కోట మీదికెక్కే గుంపులో. మేము ఎవరి వారసులం? మా పేర్ల ముందు ఖాజీ లేదు. ఇంటివెనక దూది ఏకిన విల్లుంది.

నిజాముల కాలానికి వస్తే బొమ్మ ఇంకా స్పష్టం. ఇస్లాం పేర ఉన్న రాజ్యానికి భూమిశిస్తు తర్వాత పెద్ద రాబడుల్లో ఒకటి ఆబ్కారీ. చెట్లు లెక్కపెట్టి, హర్రాజు పాడించి, గుత్తెదార్ల చేతిలో పెట్టారు. 1316 ఫస్లీలో, అంటే 1907 ప్రాంతంలో, ఆబ్కారీ చట్టం వచ్చింది. రాజు మతం తాగొద్దంది, రాజు ఖజానా తాగమంది. ఆ ఖజానాతో కట్టిన మహళ్ళు చూపించి 'మీ నవాబుల దర్జా' అని మమ్మల్ని ఎత్తిపొడుస్తారు. ఆ దర్జాలో మాకు దక్కింది ఏమిటి? ఆబ్కారీ జవాను నౌకరీ. గౌడుల చెట్ల కింద లాఠీ పట్టుకుని నిలబడే నౌకరీ. తిట్లు జవానుకు, రొక్కం గుత్తెదారుకు.

ఊళ్ళల్లో అసలు రాజ్యం దొరలది. గౌడులు దొర కోసం చెట్లు విడిగా వదిలి రోజూ కల్లు కుండలు ముట్టజెప్పాల్సి వచ్చేదని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో వెట్టి లెక్కల మధ్య నమోదు చేశారు. అప్పటి నల్లగొండ జిల్లాలోనే, జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో, విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి ఎదురు నిలిచి 1940లో ప్రాణం పోగొట్టుకున్నవాడు షేక్ బందగీ. 'మా భూమి' నాటకంలో ఉన్న బందగీ ఆయనే. ముస్లిం పాలనలో ముస్లిం రైతును హిందూ దొర మనుషులు చంపారు, ఆ ముస్లిం రైతును గుండెలో పెట్టుకున్నది ఊరి గౌడులు, గొల్లలు, మాదిగలు. దీన్ని మతం లెక్కలో ఎట్లా సర్దుతారు?

1947లో స్టేట్ కాంగ్రెసు నిజాం ఆబ్కారీ రాబడిని దెబ్బతీయడానికి సేంధీ చెట్లు నరికే కార్యక్రమం పెట్టింది. నిజాం మీద కోపం న్యాయమైనదే. కాని గొడ్డలి పడ్డది గౌడు బతుకు మీద. అల్ హకమ్ దగ్గర లేచిన ప్రశ్న ఇక్కడ మళ్ళీ లేస్తుంది. మరుసటి ఏడు సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ వచ్చింది. హైదరాబాదు రాజ్యంలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనానికి అందుబాటులోకి రాలేదు. ఎక్కువ ఘోరం మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో జరిగినా భయం మాత్రం మా జిల్లాల్లో ప్రతి గడపా దాటింది. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. జవాన్లు, చప్రాసీలు, చిన్న గుమాస్తాలు ఎందరో నౌకరీలు పోగొట్టుకున్నారు. రాజ్యం ఎవరిదో, శిక్ష ఎవరికో.

పాలమూరు వైపు చూద్దాం. 1890లో ఆరో నిజాం పేరు మీద మహబూబ్‌నగర్ అయిన జిల్లా ఇది. ఆ జిల్లా దక్షిణాన అమ్రాబాద్ అడవుల్లో తాడు ఈత కాదు, ఇప్ప. చెంచులు ఇప్పపువ్వు ఏరి తిన్నారు, సారా కాచుకున్నారు. సర్కారు లెక్కల్లో ఆ పువ్వు పేరు 'గుల్‌మొహ్వా'. పువ్వు అడవిదే, కాచితే నేరం. దొరలు వేటకొచ్చి దిగే బంగళా ఉన్న చోటును ఫర్హాబాద్, ఆనందనగరం, అన్నారు. ఎవరి ఆనందం? హైమండార్ఫ్ 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చువేశాడు. పరాయిదేశస్థుడు వచ్చి రాసేదాకా ఆ గూడేల బతుకు మా ఉర్దూ పత్రికలకూ, తెలుగు పత్రికలకూ వార్త కాలేదు.

మాలో తాగేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. రాళ్ళు కొట్టేవాళ్ళలో, హమాలీల్లో, రిక్షావాళ్ళలో ఉన్నారు. ఖుత్బాలో ఖతీబు తిడతాడు, ఇంట్లో భార్య ఏడుస్తుంది. ఆ ఏడుపు విలువ మాకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా ఆపితే 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సర్కారే సడలించింది. అంతకుముందు వారుణి వాహిని పేరుతో సారా పాకెట్లు ఊరూరికీ పంపిందీ సర్కారే. ఈ చెట్ల జిల్లాల్లోనే ఈతలు తరిగి, కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజోపాం కలిసింది. 2015లో దాడులు జరిగి మందుకల్లు ఆగిపోతే, అది దొరక్క వణుకుతూ మహబూబ్‌నగర్, నిజామాబాదు దవాఖానాల్లో జనం పడ్డారు. ఖజానా ఎవరిదైనా, కులం మతం ఏదైనా, నష్టపోయింది కూలివాడే.

అయినా ఊరు ఊరుగా నిలిచిన చోట్లున్నాయి. జాన్‌పహాడ్ సైదుల ఉర్సుకు గౌడులు, లంబాడాలు వస్తారు, కందూరు చేస్తారు. ముల్లా ఫాతెహా చదివి యాట కోస్తాడు. తినే దగ్గర ఒకరి పక్కన కల్లు ముంత ఉంటుంది, ఇంకొకరి పక్కన ఉండదు. ఒకరినొకరు అడగరు. పీర్ల పండుగలోనూ అంతే. మా లోపలి సంస్కర్తలు దీన్ని బిద్‌అత్ అంటారు, బయటి సంస్కర్తలు పీర్లను హిందువులు ఎందుకు మొక్కాలంటారు. ఇద్దరూ కలిసి తెంపుతున్నది ఒకే తాడు.

మేము అడిగేది పెద్దది కాదు. ఆబ్కారీతో సహా నిజాం రాజ్యపు దఫ్తర్లు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాలయంలో ఫార్సీలో, ఉర్దూలో ఉన్నాయి. తెలుగు చరిత్రకారుల్లో ఎక్కువమందికి ఆ లిపి రాదు. ఆ లిపి వచ్చిన మా పిల్లలకు ఈ చెట్లమీద, ఈ ఊళ్ళమీద పని లేదని నేర్పాం. ఏ ఊళ్ళో ఎన్ని చెట్లకు రఖం కట్టారు, హర్రాజు ఎవరు పాడారు, జవానుగా ఎవరు నిలబడ్డారు - ఇవన్నీ బయటికి తీసి తెలుగులో రాయాలి. అప్పుడు 'మీ నవాబులు' అనేవాళ్ళ ముందు లెక్క పెట్టవచ్చు. రెండు భాషలు తెలిసినవాళ్ళం ఈ పని చేయకపోతే, చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు.