ఏడో నంబరు సీసా

బోరింగు పిడి అరచేతికి చుర్రుమంటోంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఓ చిన్న ఊరు. పొద్దున పదిన్నరకే ఎండ నడినెత్తికెక్కింది. ఐదు నిమిషాల నుంచి కొడుతున్న నీళ్లన్నీ కాలవ పాలే. పైపులో నిలవున్న నీళ్లు మాకు పనికిరావు, లోపలి రాతిని తాకి వచ్చిన నీళ్లు కావాలి.

"సీసా మూడుసార్లు కడిగావా?" వెనక నుంచి మేడమ్.

"కడిగాను మేడమ్."

ప్లాస్టిక్ సీసా అంచుదాకా నింపి మూత బిగించి చీటీ అంటిస్తాను. ఏడో నంబరు. ఎండకెత్తి చూస్తే నీళ్లు తేటగా ఉన్నాయి, వాసన లేదు. ఎన్విరాన్‌మెంటల్ టాక్సికాలజీలో చేరిన కొత్తలో పురుగుమందులు, పాదరసం, సీసం గురించే చదివాం. విషమంటే ఎవరో తెచ్చి పారబోసేదని అప్పట్లో నా నమ్మకం. ఈ నీళ్లలో ఎవరూ ఏదీ కలపలేదు. ఇక్కడి గ్రానైట్ రాతిలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి కరిగి నీళ్లలోకి దిగింది, అంతే.

"అవ్వా!" అని పిలుస్తాను. బిందె పట్టుకుని వస్తున్న ముసలామె తల తిప్పదు. మనిషి మనిషంతా తిరుగుతుంది, అడుగులో అడుగేసుకుంటూ.

"మెడ తిరగది బిడ్డా. నడుము వంగది."

నవ్వుతుంది. ఆ పళ్లు చూసి నేను ఆగిపోతాను. శుభ్రంగా ఉన్నాయి. పక్కన సైకిల్ పట్టుకుని నిలబడ్డ ఆమె కొడుకు పళ్ల మీద మాత్రం అడ్డంగా గోధుమరంగు చారలు. ఒకే ఇల్లు, ఒకే బోరింగు. ఎందుకిలా?

"నీ తల్లిగారూరు ఏదవ్వా?"

"ఈడ గాదు. పెండ్లయి వచ్చిన. మా ఊర్ల చెర్వు నీళ్లే తాగేది."

జవాబు దొరికింది. పంటి పింగాణీ తయారయ్యేది చిన్నతనంలోనే, ఇంచుమించు ఎనిమిదేళ్ల లోపు. ఆ వయసులో తాగిన నీళ్లే పంటి మీద రాత రాస్తాయి. ఆ వయసు దాటాక వచ్చే ఫ్లోరైడ్ పళ్ల జోలికి పోదు, ఎముకల్లో చేరుతుంది. ఒంట్లో నిలిచే ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకల్లోనూ పళ్లలోనూ ఉంటుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కోడలిగా వచ్చిన మనిషికి పళ్లు తెల్లగా ఉండి మెడ బిగుసుకుపోతుందని ఆ వాక్యంలోనే ఉంది. నాకు తట్టలేదు.

"ఇప్పుడు నల్లాల కృష్ణా నీళ్లొస్తున్నయి గదా అవ్వా, ఇవెందుకు?"

"తాగనీకె అవే. పప్పుకు మాత్రం ఇవి. జర్రసేపట్ల ఉడుకుతది."

మేడమ్ కళ్లు నా కళ్లతో కలుస్తాయి. కాల్షియం తక్కువగా, బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలో పప్పు తొందరగా మెత్తబడుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి ఉండేదీ అలాంటి నీళ్లలోనే. కాల్షియం దండిగా ఉంటే దాన్ని పట్టుకుని కిందకు దింపేసేది. అవ్వ వంట అనుభవం తప్పు కాదు, అక్షరాలా నిజం. కాకపోతే మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై, మిగిలినదాంట్లో మరింత చిక్కబడుతుంది.

ఆమె ఇంట్లోని నల్లా నీళ్లు ఎనిమిదో సీసాలో పడతాను. పెట్టె సర్దుకుంటుంటే ఆమె గుమ్మం పట్టుకుని అడుగుతుంది.

"చూసి చెప్తరా? మస్తుమంది సీసలల్ల పట్టుకపోయిన్రు. మళ్ల ఎవ్వలు రాలె."

"చెప్తా అవ్వా" అంటాను. నా గొంతు నాకే చిన్నగా వినిపిస్తుంది.

తిరుగు ప్రయాణంలో బస్సు కుదుపులకు సీసాలు ఒళ్లో గలగలమంటున్నాయి. మేడమ్ కిటికీ వైపు చూస్తూ చెబుతున్నారు. మన దేశంలో ఫ్లోరైడ్ తెచ్చే ఈ జబ్బును వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. నల్లగొండ పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నీరీ సంస్థ 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెడితే, ఆ పేరు టాంజానియా దాకా వెళ్లింది. ఇంతమంది ఇంత పని చేశారు. అవ్వ గుమ్మం దాకా మాత్రం ఒక్క కాగితం రాలేదు. అది నాకు మింగుడుపడటం లేదు.

రాత్రి ఏడున్నర. ల్యాబులో ఫ్యాను ఆపేశాం. బీకర్లో నీళ్లు, వాటికి సమానంగా బఫరు, అడుగున గిరగిర తిరుగుతున్న అయస్కాంతపు పుల్ల. ఎలక్ట్రోడ్ కొనలో లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం ఉంది. బఫరు లేకపోతే పటికలోని అల్యూమినియంలాంటివి ఫ్లోరైడ్‌ను దాచేస్తాయి. నీళ్లలో క్షారం ఎక్కువైతే ఇంకో చిక్కు. హైడ్రాక్సైడ్‌ను చూసి స్ఫటికం ఫ్లోరైడ్ అనుకుంటుంది. రెండింటికీ ఆవేశం ఒకటే, పరిమాణమూ దాదాపు ఒకటే. ఎముక పడే పొరపాటూ ఇదే కదా అనిపించి చేయి ఆగిపోతుంది. తన నిర్మాణంలో హైడ్రాక్సైడ్ ఉండాల్సిన చోట ఫ్లోరైడ్‌ను కూర్చోబెట్టుకుంటుంది. ఇక్కడైతే బఫరు పోసి సరిచేసుకుంటాం.

ఏడో సీసా. మీటరు మీద మిల్లీవోల్టులు దిగుతున్నాయి. దిగేకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువన్నమాట. తాగునీటికి పెట్టిన 1.5 మిల్లీగ్రాముల గీత దాటింది. ఇంకా దిగుతోంది. లీటరుకు మూడు దాటాక నిలిచింది. మూడే అనుకున్నా, నీడపట్టున రెండు లీటర్లు తాగేవాళ్లకు రోజుకు ఆరు మిల్లీగ్రాములు. ఎండలో నాట్లేసి ఆరు లీటర్లు తాగే మనిషికి పద్దెనిమిది. అవ్వ ఎన్ని ఎండాకాలాలు నాట్లేసిందో నేను అడగలేదు.

ఎనిమిదో సీసా. అంకె తొందరగా నిలబడింది. 1.0 లోపే.

రికార్డు బుక్కులో రెండూ రాసి సంతకం పెడతాను. తర్వాత ఒక తెల్లకాగితం తీసి, 'మిల్లీగ్రాములు' అని రాసి కొట్టేస్తాను. మార్కరుతో పెద్దక్షరాల్లో మళ్లీ మొదలుపెడతాను:

బోరింగు నీళ్లు: తాగొద్దు, పప్పుకూ వద్దు.
నల్లా నీళ్లు: తాగొచ్చు, వండొచ్చు.

గురువారం మొదటి క్లాసు పదకొండింటికి. పొద్దున్నే మర్రిగూడ బస్సు ఎన్నింటికని ల్యాబ్ అటెండరు అన్నను అడుగుతున్నాను.