అనుమానాన్ని అమ్మినవాళ్లు

ఇట్లా మంట దగ్గరికి జరగండర్రా, చలి ముదిరింది. పొద్దున అమ్మాయి అడిగిందిగా, ‘తాతా, ఈ సైంటిస్టులు ఇవాళ ఒకటంటారు, రేపు ఇంకోటంటారు, ఎట్టా నమ్మేది?’ అని. ఆ మాట నేను కుర్రాడిగా ఉన్నప్పట్నుంచీ వింటున్నా. అది ఊరికే పుట్టింది కాదమ్మా. సిగరెట్ కంపెనీలు డబ్బు పోసి పుట్టించాయి.

ఒంగోలు చుట్టూ వర్జీనియా పొగాకు వేయని ఊళ్లు తక్కువ. ఆకు ఆరబెట్టే బ్యారన్ మండుతున్నన్నాళ్లూ మా నాయన మంచం అక్కడే. మన ఇంట్లో పెళ్లిళ్లూ చదువులూ ఆ ఆకు మీదే నడిచాయి. కాబట్టి దీన్ని పరాయివాళ్ల గొడవలాగా చెప్పలేను.

లండన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అని ఇద్దరుండేవాళ్లు. ఊపిరితిత్తుల కేన్సర్‌తో ఆస్పత్రుల్లో చేరినవాళ్లను ఒక్కొక్కరినీ విచారించి, 1950లో లెక్క బయటపెట్టారు. 649 మంది మగవాళ్లలో పొగ తాగనివాళ్లు ఇద్దరంటే ఇద్దరే. డాల్‌కీ సిగరెట్ అలవాటుండేది. ఆ లెక్క చూసి మానేశాడు. మూడేళ్లకు అమెరికాలో ఎర్నెస్ట్ వైండర్, ఎవార్ట్స్ గ్రాహంలు సిగరెట్ తారును ఎలుకల వీపులకు పూసి చూశారు. కేన్సర్ గడ్డలు లేచాయి.

కంపెనీలకు గుండెల్లో రాయి పడింది. 1953 డిసెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్లో వాటి పెద్దలు కూడారు. హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థను పెట్టుకున్నారు. మరుసటి నెల, 1954 జనవరి 4న, 400కు పైగా పత్రికల్లో పెద్ద ప్రకటన వచ్చింది. మీ ఆరోగ్యం కంటే మాకేదీ ఎక్కువ కాదు, కారణం ఏమిటో శాస్త్రజ్ఞులే ఇంకా తేల్చుకోలేదు, పరిశోధనకు మేమే డబ్బిస్తాం, ఇదీ అందులోని సారం.

అన్నట్టే కమిటీ పెట్టారు. దాని శాస్త్ర విభాగానికి పెద్దగా క్లారెన్స్ కుక్ లిటిల్‌ను తెచ్చారు. ఆయన దొంగ సైంటిస్టేం కాదు. మిషిగన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా చేసినవాడు. తెలివంతా అక్కడే ఉంది. వాళ్లకు వాదనలో గెలవాల్సిన పని లేదు, అది తెగకుండా సాగితే చాలు. వంశపారంపర్యం కావచ్చు, గాలి చెడి కావచ్చు అంటూ దారులు మళ్లించేవాళ్లు. సైంటిస్టులు నిజంగా వాదించుకుంటే ఎప్పటికో ఒకప్పటికి తేలుతుంది. ఇది తేలకూడదనే నడిపిన వాదన. 1969లో బ్రౌన్ అండ్ విలియమ్సన్ కంపెనీ లోపలి కాగితంలో, మన సరుకు అనుమానమేనని రాసే పెట్టుకున్నారు!

అప్పటికే, 1964లో, అమెరికా సర్జన్ జనరల్ లూథర్ టెర్రీ సిగరెట్‌తో కేన్సర్ వస్తుందని నివేదిక ఇచ్చి ఉన్నాడు. ఐనా మన ఊళ్లో డాక్టరు చుట్ట మానమంటే మా నాయన, ‘ఇంకా రుజువు కాలేదంటగా’ అనేవాడు. ఎవరన్నారో ఆయనకూ తెలియదు. చివరిదాకా మానలేదు.

1994లో ఏడు కంపెనీల అధిపతులు అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనం కాదనే నమ్ముతున్నామన్నారు. 2006లో జడ్జి గ్లాడిస్ కెస్లర్, ఈ కంపెనీలు దశాబ్దాలపాటు జనాన్ని మోసగించాయని తీర్పిచ్చింది. నిజం ఒప్పుకుంటూ ప్రకటనలు వేయమంది. అప్పీళ్ల మీద అప్పీళ్లు చేసి అవి ఆ ప్రకటనలు మొదలుపెట్టింది 2017లో. ఈలోపు పోయినవాళ్ల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది.

పొగాకుతోనే ఆగినా ఇంత బాధపడేవాణ్ణి కాదు. ఫ్రెడరిక్ సైట్జ్ అని గొప్ప భౌతిక శాస్త్రజ్ఞుడు, అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కు అధ్యక్షుడుగా చేశాడు. తర్వాత ఆర్.జె. రేనాల్డ్స్ సిగరెట్ కంపెనీ డబ్బిచ్చే పరిశోధనలకు పెద్దగా ఉన్నాడు. మనుషులు వదిలే వాయువుల వల్ల భూమి వినాశకరంగా వేడెక్కుతుందన్న మాటకు గట్టి ఆధారం లేదంటూ 1998లో సైంటిస్టుల దగ్గర సంతకాలు సేకరించారు చూడు, ఆ కాగితంతో పాటు వెళ్లిన ఉత్తరం రాసింది ఆయనే.