గజ్జెలు మోగిన చోట

ఏటా నవంబరు నెలలో సింగపూరు ఎస్ప్లనేడ్‌లో 'కళా ఉత్సవం' జరుగుతుంది. 2002 అక్టోబరు 12న ఆ భవనం ప్రారంభమైన ఏడాదే ఈ భారతీయ కళల పండుగా మొదలైంది. అందులో నృత్యానికి పెద్దపీట. ఇక్కడి నాట్యపాఠశాలల పిల్లలూ పాల్గొంటారు. ఒక ఏడాది మా అమ్మాయి గజ్జె కట్టింది. ముఖానికి రంగైనా తీయకుండానే, "నాన్నా, ఇక్కడికి మొదట వచ్చింది మనమేనా?" అని అడిగింది. కంప్యూటరు ఉద్యోగాలతోనే మన కథ మొదలైందనుకునే నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

మరుసటి ఆదివారం తనను వెంటబెట్టుకుని అక్కడే నడిచాను. ఎస్ప్లనేడ్ నిలిచిన నేల సముద్రాన్ని పూడ్చి సంపాదించినది. 1970ల దాకా పక్కనున్న క్వీన్ ఎలిజబెత్ వాక్ దగ్గరే ఒడ్డు. దాని వెనుక పడాంగ్ మైదానం. 1943 జూలై 5న నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజు గౌరవవందనం స్వీకరించింది అక్కడే. 1945 జూలైలో ఆయన శంకుస్థాపన చేసిన అమరవీరుల స్మారకాన్ని తిరిగివచ్చిన బ్రిటిషువారు కూల్చేశారు. ఆ చోటుకు ఇప్పుడు 1995లో పెట్టిన ఫలకమే గుర్తు.

మైదానం దాటితే తెల్లని సెయింట్ ఆండ్రూస్ చర్చి. 1856లో పునాది వేసి భారతీయ ఖైదీల చేత కట్టించారు. 1825 ఏప్రిల్‌లో ఈ దీవికి తెచ్చిన తొలి 80 మంది ఖైదీలు మద్రాసు రాజధానిలో శిక్షపడి, బెంకూలెన్ మీదుగా వచ్చినవారు. గంజాం నుంచి నెల్లూరు దాకా మన కోస్తా, దత్తమండలాలు ఆ రాజధానిలోవే. చర్చి గోడలకు పూసిన 'మద్రాసు సున్నం'లో గుల్లసున్నం, గుడ్డు సొన, చక్కెర, కొబ్బరిపీచు నానబెట్టిన నీళ్ళు కలిపారట. మా తాతగారింటి గోడల గానుగసున్నం, అందులో కలిపిన బెల్లం, కరక్కాయ గుర్తుకొచ్చాయి.

"ఖైదీల కథలు పిల్లలకెందుకండీ?" అన్నారొక మిత్రులు. నిజానికి నాకూ జంకుగానే ఉండింది. కానీ వాళ్ళు వేసిన దారుల మీద నడుస్తూ మనమే మొదటివాళ్ళమని చెప్పుకోవడం అంతకంటే సిగ్గు కాదా?

"వాళ్ళు మళ్ళీ ఇంటికెళ్ళారా?" అంది అమ్మాయి, గోడ మీద చెయ్యి వేసి. 1873లో ఇక్కడి ఖైదీల వ్యవస్థ ముగిశాక చాలామంది ఇక్కడే స్థిరపడ్డారని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నాట్యం మొదలుపెట్టే ముందు, తొక్కుతున్నందుకు క్షమించమని భూమికి నమస్కరించడం మన సంప్రదాయం. మరుసటి ఏడు మా అమ్మాయి వంగి నేలను తాకినప్పుడు, ఆ నమస్కారం ఎవరెవరికి చెందుతుందో నాకు తెలుసు. తనకూ తెలుసు.