పెట్టె అడుగున ఊలు స్వెట్టరు

పిల్లవాడికి వీసా వచ్చిందన్న కబురు ఇంటికి చేరగానే మగవాళ్ళు బాంకుకేసి పరుగెడతారు, ఆడవాళ్ళు అటకకేసి చూస్తారు. అటకమీద పాత ట్రంకుపెట్టె, అందులో నలిగిన చీరలు, ఊలు ఉండలు, సగంలో ఆగిపోయిన క్రోషియా పువ్వులు ఉంటాయి. ఇక రెండు నెలలపాటు ఆ ఇంటి ఇల్లాలి చేతులకు తీరిక ఉండదు. పొద్దున్న పొడులు కొట్టడం, మధ్యాహ్నం కుట్టడం, రాత్రి అల్లడం. "అక్కడ అన్నీ దొరుకుతాయమ్మా, కళ్ళు పాడుచేసుకోకు" అని వాడు అంటూనే ఉంటాడు. "ఆఁ, దొరుకుతాయిలే" అంటూ ఆవిడ ఇంకో వరస ఎక్కిస్తూనే ఉంటుంది.

మన ఎండలకి ఊలు స్వెట్టరు చూస్తేనే చెమట పోస్తుంది. మే నెల బెజవాడలో కూర్చుని షికాగో చలికి అల్లడమంటే మాటలు కాదు. అయినా అల్లుతాం. ఈ అలవాటు ఎప్పటిది అని నాకు ఈమధ్య ఓ అనుమానం పట్టుకుంది. సముద్రాలు దాటి చదువుకున్నవాళ్ళ జీవితచరిత్రలు మనకు బోలెడున్నాయి. వాటి నిండా పట్టాలు, తేదీలు, గొప్పవాళ్ళ పరిచయాలు. వెళ్ళేటప్పుడు పెట్టెలో ఏం పెట్టుకున్నారన్నది మటుకు ఎక్కడో ఒక్క వాక్యంలో తొంగిచూసి తప్పుకుంటుంది. అలాంటి వాక్యాల కోసం పుస్తకాలు తిరగేస్తూ వచ్చాను.

గాంధీగారి ఆత్మకథే తీసుకోండి. 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడ ఎక్కేనాటికి ఆయనకు ఇంకా పంతొమ్మిదేళ్ళు నిండలేదు. మాంసం, మద్యం, పరస్త్రీల జోలికి పోనని తల్లి పుత్లీబాయి ప్రమాణం చేయించుకుని మరీ పంపిందని మనందరికీ తెలుసు. దాని పక్కనే ఉన్న చిన్న సంగతిని ఎవరూ అంతగా పట్టించుకోరు. ఓడలో ముళ్ళచెంచా పట్టడం చేతకాక, ఏ వంటకంలో మాంసముందో అడగడానికి నోరు రాక, ఆయన భోజనాల బల్ల దగ్గరికే వెళ్ళలేదట. వెంట తెచ్చుకున్న మిఠాయిలు, పళ్ళతో తన గదిలోనే చాలావరకు కడుపు నింపుకున్నాడు. ఆ మిఠాయిలు ఎవరు కట్టి ఇచ్చారో రాయలేదు. రాసి ఉంటే బాగుండేది.

బట్టల సంగతి ఇంకా తమాషా. స్నేహితులు సమకూర్చిన తెల్ల ఫ్లానెల్ సూటును ఇంగ్లండులో దిగేరోజుకని దాచుకున్నాడు. తీరా దిగి చూస్తే అలాంటి తెల్లబట్టల్లో ఉన్నది తానొక్కడే! మూడేళ్ళ తర్వాత 1891లో బారిస్టరై తిరిగివచ్చేసరికి తల్లి లేదు. ఆయన అక్కడుండగానే పోయింది, చదువు పాడవుతుందని కాబోలు అన్నగారు కబురు చెప్పలేదు. ప్రమాణం చేయించుకుని పంపిన మనిషికి దాన్ని నిలబెట్టుకున్నానని చెప్పుకునే భాగ్యం కొడుక్కి దక్కలేదు. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా పుస్తకం కాసేపు మూసి పక్కన పెట్టాలనిపిస్తుంది.

అన్నట్టు, అదే గాంధీగారు 1947లో ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్ పెళ్ళికి ఏం పంపారో తెలుసా? తాను స్వయంగా వడికిన నూలుతో అల్లించిన లేసుగుడ్డ, దాని మధ్యలో 'జై హింద్'. వజ్రాలు, కెంపులు వచ్చిపడిన ఆ కానుకల మధ్య అదెలా కనిపించి ఉంటుందో! చేత్తో చేసినదాని ధీమా అలాంటిది.

గాంధీగారికంటే అయిదేళ్ళు ముందే ఒక ఆడపిల్ల ఇంకా దూరం వెళ్ళింది. కల్యాణ్‌లో పుట్టిన ఆనందీబాయి జోషి 1883 ఏప్రిల్‌లో కలకత్తాలో ఓడెక్కి, వైద్యం చదవడానికి ఫిలడెల్ఫియా చేరింది. అప్పటికి పద్దెనిమిదేళ్ళు. పదేళ్ళు నిండకుండానే పెళ్ళి, పధ్నాలుగో ఏట పురుడు, పదిరోజులకే బిడ్డ పోవడం - ఇన్ని అయ్యాక బయల్దేరిన ప్రయాణం అది. వెళ్ళేముందు శ్రీరాంపూర్ కాలేజీలో పెద్దల ముందు నిలబడి, తాను అమెరికా ఎందుకు వెళుతున్నదీ ఒక్కొక్క ఆక్షేపణకూ జవాబిస్తూ చెప్పింది. ఆ మంచుదేశంలోనూ చీర మానలేదు, శాకాహారం మానలేదు. 1885లో తీసిన ఫొటో ఒకటి ఇప్పటికీ ఉంది. జపాను నుంచి వచ్చిన అమ్మాయి, సిరియా నుంచి వచ్చిన అమ్మాయి, మన ఆనందీబాయి - ముగ్గురూ ఎవరి దేశపు బట్టలు వాళ్ళు కట్టుకుని కూర్చున్నారు. ఆ మడతల్లో ఏ కుట్టు ఎవరు వేశారోనని భూతద్దం పెట్టి చూశాను. ఆడదాని చూపు మరి! 1886లో ఆమె డాక్టరైంది, ఆ ఏడాది చివర్లోనే స్వదేశం వచ్చింది. మరుసటి ఫిబ్రవరిలో క్షయతో కన్నుమూసింది. ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు.

మనవాళ్ళలో ఎల్లాప్రగడ సుబ్బారావుగారి కథ మరో రకం. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను తొడుక్కుంటే ప్రొఫెసరుగారికి కోపం వచ్చిందని, ఆ పర్యవసానంగానే ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చిందని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. చేనూలు బట్ట ఒక మనిషి దారినే మార్చడమంటే ఇదే. 1920ల తొలినాళ్ళలో బోస్టన్ వెళ్ళారు. కొన్నాళ్ళు చూసి వస్తానన్న మనిషి మళ్ళీ రాలేదు. 1948లో న్యూయార్కులో పోయారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. వేవిళ్ళతో ఉన్న పిల్లలకు డాక్టర్లు రాసే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనక ఆయన కృషి ఉందని మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కానీ పాతికేళ్ళు గుమ్మంలో నిలబడ్డ మనిషి సంగతి కూడా ఆ వాక్యంలోనే ఎక్కడో చెప్పుకోవాలి.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. మన పిల్లలు సముద్రం దాటడానికి ఎన్నో ఏళ్ళ ముందే మన చేతిపని సముద్రం దాటింది! పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దంపతులు గోదావరి సీమలో ఆడవాళ్ళకు లేసు అల్లిక నేర్పారు. కొక్కెపు సూది, నూలు దారం ఉంటే చాలు. నరసాపురం, పాలకొల్లు పరిసరాల్లో వేలాది ఇళ్ళలోకి ఆ పని పాకింది. ఘోషా పాటించే కుటుంబాల ఆడవాళ్ళు వీధిగుమ్మం దాటకుండా అల్లిన పువ్వులు తెల్లదొరల బల్లలమీద గుడ్డలై పరుచుకున్నాయి. గడప దాటని చేతుల పని లండను చూసింది!

జర్మనీకి చెందిన మరియా మీస్ అనే పరిశోధకురాలు ఆ ఊళ్ళలో తిరిగి 1982లో నరసాపురం లేసుపనివారి మీద ఒక పుస్తకం వేసింది. ఒకరు పువ్వులల్లితే మరొకరు అతుకుపని చేయడం, మధ్యలో దళారులు, పైన ఎగుమతి వర్తకులు - ఈ వరస అంతా విప్పి చూపించింది. రోజులో అన్నేసి గంటలు వంచిన మెడ ఎత్తకుండా పనిచేస్తున్నా, వాళ్ళని పనివాళ్ళని ఎవరూ అనలేదట. "ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళ తీరిక కాలక్షేపం" అన్నారట. అందుకే కూలి అంత తక్కువ. ఈ పేరా చదువుతూ మీలో కొందరైనా చేతిలో సూది ఆపి ఉంటారు. 'ఏదో కాలక్షేపానికి' అని మన అల్లికల గురించి మనమే ఎన్నిసార్లు అనలేదు! ఆ నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరైతే వచ్చింది, అల్లిన చేతికి అందే డబ్బు మాట ఇంకా అడగవలసిందే.

కూలికి చేసినది అలా ఉంటే, ఇంటికోసం చేసినది మరోలా పెరిగింది. ఆడపిల్లల బడుల్లో కుట్టుపని ఒక పాఠమైంది. కుట్లు, అల్లికలకి సర్కారువారి లోయరు, హయ్యరు పరీక్షలు కూడా వచ్చాయి. 1928లో డాక్టర్ కె.ఎన్.కేసరి మద్రాసులో 'గృహలక్ష్మి' పత్రిక మొదలుపెట్టారు. తర్వాత తర్వాత వారపత్రికల్లో మన పేజీలు మనకి వచ్చాయి. ఆంధ్రప్రభలో మాలతీ చందూర్‌గారి 'ప్రమదావనం' కోసం వారమంతా ఎదురుచూసిన ఇళ్ళెన్నో. స్వెట్టరు నమూనాలు కత్తిరించి దాచుకోవడం, పక్కింటి వదినగారికి అరువివ్వడం, ఆవిడ తిరిగివ్వకపోతే మొహమాటంతో సతమతమవడం - ఇదంతా ఒక విద్య. గొలుసు కుట్టు, కాడ కుట్టు, అద్దాలు, పూసల తోరణాలు, వైరు బుట్టలు - ఒక్కో కాలానికి ఒక్కో వెర్రి.

ఇంతలో 1965లో అమెరికా తన వలస చట్టం మార్చింది. అంతకుముందు మనవాళ్ళకు దాదాపు మూసి ఉన్న తలుపు తెరుచుకుంది. ఇంజనీర్లు, డాక్టర్లు, పై చదువుల పిల్లలు బయల్దేరారు. కానీ మన దేశానికి అప్పట్లో విదేశీ మారకద్రవ్యం కరువు. 1960ల చివర వెళ్ళిన పిల్లలు చేతిలో ఎనిమిది డాలర్లు పెట్టుకుని విమానం ఎక్కామని ఇప్పటికీ చెప్పుకుంటారు. తండ్రికి పొలం ఉన్నా, బాంకులో డబ్బున్నా, కొడుక్కి పంపడానికి లేదు! అంటే ఏమిటన్నమాట? ఆ రోజుల్లో తండ్రి సంపాదన సముద్రం దాటలేదు, తల్లి చేతిపని దాటింది. ఆవకాయ జాడీ, కందిపొడి, అప్పడాలు, పాత చీరలతో కుట్టిన బొంత, ఊలు స్వెట్టరు. విమానంలో ఇరవై కిలోలే ఇస్తారంటే, బొంత ఉంచాలా, పుస్తకాలు ఉంచాలా అని ఇంట్లో పంచాయితీ. పుస్తకాలు తగ్గించిన ఇల్లు నాకు తెలుసు. పిల్లవాడు గొణిగాడు గాని, చలికాలం వచ్చాక రాసిన ఏరోగ్రాములో బొంత ఊసు రెండుసార్లు వచ్చింది, పుస్తకాల ఊసు లేదు.

ఏరోగ్రాము అంటే ఈనాటి పిల్లలకి తెలియదు. మూడు మడతల నీలం కాగితం, అంచుల దాకా రాసినా చాలేది కాదు. తర్వాత పంపే పార్సెలుకి గుడ్డ కప్పి, చుట్టూ దగ్గర దగ్గరగా కుట్లు వేసి, కుట్టుమీద లక్కముద్రలు వేయించి పోస్టాఫీసులో ఇచ్చేవాళ్ళం. ఓడమీద పోయే పార్సెలైతే చేరడానికి నెలలు పట్టేది. అంత బందోబస్తు కుట్టు మా అత్తయ్యగారు వేసేవారు. పదహారేళ్ళ మేనకోడలు చూసి, "ఇది విప్పేసేదేగా, ఇంత సన్నంగా ఎందుకత్తయ్యా?" అంటే, "విప్పేది వాడేగా" అన్నారు. ఎవరూ మళ్ళీ మాట్లాడలేదు.

అన్ని స్వెట్టర్లూ తొడుక్కున్నారా అంటే, లేదు. చేతులు పొడుగవుతాయి, మెడ బిగుస్తుంది, రంగు నలుగురిలో వేసుకునేలా ఉండదు. అక్కడి చలికి మన అల్లిక ఒక మూలకి రాదు. అయినా పారేసినవాళ్ళు తక్కువ. పెట్టె అడుగున, ఇల్లు మారినప్పుడల్లా వాళ్ళతోపాటు మారుతూ ఉండిపోయేవి.

ఇప్పుడు రోజులు వేరు. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడు మిగతా దేశాలన్నిటికంటే మనవాళ్ళే ఎక్కువ. డబ్బు నిమిషంలో వెళుతుంది, ముఖం తెరమీద కనిపిస్తుంది. ఇరవై మూడేసి కిలోల పెట్టెలు రెండు, తూచడానికి ఇంట్లోనే కొక్కెం త్రాసు. ఇప్పుడు అప్పు భయం ఎక్కువ, వీసా భయం ఎక్కువ. తల్లులూ ఉద్యోగాలు చేస్తున్నారు, అల్లడానికి తీరికేదీ? ఆశ్చర్యమేమంటే, అక్కడికి వెళ్ళిన ఆడపిల్లలే ఒంటరి సాయంత్రాల్లో ఫోనులో చూసి క్రోషియా నేర్చుకుని, "ఇక్కడ ముడి ఎందుకు పడుతోందమ్మా?" అని అర్ధరాత్రి అడుగుతున్నారు. తల్లి నిద్రకళ్ళతోనే చెబుతుంది, "సూది కాదు, దారం వదులు చెయ్యి."

మా పిన్నిగారు తన పెద్దకొడుక్కి 1974లో అల్లిన మెరూను స్వెట్టరు ముప్ఫైయేళ్ళ తర్వాత తిరిగివచ్చింది. వాడు తొడుక్కున్న గుర్తులేమీ లేవు, మడతలు మాత్రం చిరగడానికి వచ్చాయి. ఆవిడ ఏమీ అనలేదు. చివర ముడి వెతికి పట్టుకుని, వరస వరసా విప్పి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరేసి, ఉండ చుట్టింది. మునిమనవడికి రెండు టోపీలు, ఒక జత మేజోళ్ళు వచ్చాయి. కాస్త ఊలు మిగిలింది కూడా.