దక్షిణ ధ్రువంలో ఫోటో పాఠాలు

పదో తరగతి గ్రూప్ ఫోటో రోజు మనందరికీ గుర్తుండే ఉంటుంది. ముందు వరసలో కుర్చీల్లో మాస్టార్లు, టీచర్లు. వెనక బెంచీల మీద మనం. స్టూడియో ఆయన నల్లగుడ్డలో తల దూర్చి "కదలకండి" అని అరిచేవాడు. ఎండకి కళ్ళు మూతలు పడేవి. ఫోటో చేతికొచ్చాక అందరం మన మొహం ఎక్కడుందో వెతుక్కున్నాం. తీసినాయన గురించి ఎవరమూ ఆలోచించలేదు.

ఈ సావనీర్ కోసం పాత ఫోటోలు తిరగేస్తుంటే నాకు మరో గ్రూప్ ఫోటో గుర్తొచ్చింది. అందులో ఉన్నది ఐదుగురే. ముగ్గురు నిలబడ్డారు, ఇద్దరు ముందు మంచులో కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళలో ఒకాయన చేతిలో సన్నని దారం ఉంది. ఆ దారం రెండో కొస కెమెరాకి కట్టి ఉంది. 1912 జనవరి 18న దక్షిణ ధ్రువం దగ్గర తీసిన ఫోటో అది. దారం లాగినాయన పేరు హెన్రీ బవర్స్. ఆయనకి కెమెరా పట్టుకోవడం నేర్పినాయన పేరు హెర్బర్ట్ పాంటింగ్. ఈ వ్యాసం ఆ గురువు గురించి.

పాంటింగ్ 1870లో ఇంగ్లండులోని సాల్స్‌బరీలో పుట్టాడు. తండ్రి బ్యాంకు ఉద్యోగి. కొడుకు కూడా కొన్నేళ్ళు బ్యాంకులో పనిచేసి, అది నచ్చక అమెరికా వెళ్ళి కాలిఫోర్నియాలో పండ్లతోట పెట్టాడు. అది కలిసిరాలేదు. ముప్ఫై ఏళ్ళ వయసులో కెమెరాతో బతుకుతెరువు వెతుక్కున్నాడు. 1904–05 రష్యా–జపాన్ యుద్ధకాలంలో పత్రికలకు ఫోటోలు తీశాడు. ఆ తరవాత ఆసియా దేశాలు చుట్టివచ్చాడు. జపాన్ మీద ఆయనకి ప్రత్యేకమైన ఇష్టం. ఫ్యూజీ పర్వతాన్ని ఎంత శ్రద్ధగా తీశాడో, క్యోటో చేతిపనివాళ్ళని కూడా అంతే శ్రద్ధగా తీశాడు. 1910లో జపాన్ మీద ఆయన పుస్తకం వచ్చింది. అదే ఏడాది కెప్టెన్ స్కాట్ దక్షిణ ధ్రువ యాత్రలో చేరాడు. అంటార్కిటికాకి యాత్రతో పాటు ఒక వృత్తి ఫోటోగ్రాఫర్ వెళ్ళడం అదే మొదలు.

1911 జనవరి మొదట్లో టెర్రా నోవా ఓడ రాస్ ద్వీపం చేరింది. దిగిన రెండు రోజులకే పాంటింగ్ ప్రాణం మీదికి వచ్చింది. ఓడ పక్కనే కిల్లర్ తిమింగలాలు తలలెత్తడం చూసి, కెమెరా పట్టుకుని మంచు అంచుకి పరిగెత్తాడు. అవి కిందనుంచి గుద్దితే రెండున్నర అడుగుల మందం మంచు పలక ముక్కలైంది. ఊగుతున్న ముక్కల మీదుగా దూకుతూ ఎలాగో బయటపడ్డాడు. కెమెరా మాత్రం వదల్లేదు. ఆ రోజుల్లోనే ఒక మంచుకొండ లోపలి గుహలోకి వెళ్ళి, దాని నోట్లోంచి దూరంగా నిలిచిన ఓడని తీశాడు. నూరేళ్ళు దాటినా అంటార్కిటికా అనగానే చాలామందికి కళ్ళముందు మెదిలే ఫోటో అదే.

ఇంజినీరుగా నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఆయన పనిచేసిన తీరు. అక్కడ చలికాలంలో ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలకి పోతుంది. కెమెరాలోని నూనె గడ్డకడితే షట్టర్ కదలదు. బయటి చలిలో ఉన్న కెమెరాని వెచ్చని గదిలోకి తెస్తే గాలిలోని తేమంతా లెన్స్ మీద చేరుతుంది. మళ్ళీ బయటికి తీసుకెళితే ఆ తేమే మంచుపొర అవుతుంది. అందుకని కెమెరాలని లోపలికి తేకుండా బయటి చలిలోనే ఉంచేవాడు. ఫోకస్ చేసేటప్పుడు ఊపిరి తగిలినా అద్దం మసకబారేది. ఒకసారి పెదాలు తడుపుకోబోతే నాలుక కెమెరా లోహపు భాగానికి తగిలి అంటుకుపోయింది. గుంజుకుంటే నాలుక కొసన తోలు కెమెరాకే ఉండిపోయింది.

కేప్ ఎవాన్స్‌లో కట్టిన చెక్క ఇల్లు 50 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు. అందులో పాతికమంది. పాంటింగ్‌కి ఒక చిన్న డార్క్ రూమ్ ఇచ్చారు. పని అక్కడే, పడకా అక్కడే. ఫోటోలు కడగడానికి నీళ్ళు కావాలంటే మంచు కరిగించాలి. అలాంటి చోట సుమారు 1,700 గాజు ప్లేట్లు తీశాడు. పెంగ్విన్ల గూళ్ళు, పిల్లలతో ఉన్న సీళ్ళు, స్కువా పక్షులు, గ్రామఫోన్ ముందు కూర్చున్న కుక్క అన్నీ ఉన్నాయందులో. సీల్ తన పళ్ళతో మంచుని కోసి ఊపిరి కన్నం తెరిచి ఉంచుకోవడం సినిమా కెమెరాతో తీశాడు.

యాత్రలో పేరున్న అధికారులతో పాటు కిందిస్థాయి పనివాళ్ళనీ ఆయన వదల్లేదు. పడక సంచులు కుట్టుకుంటున్న ఎవాన్స్, క్రీన్ అనే నావికులు ఉన్నారు. వంటవాడు క్లిసోల్డ్, ఉక్రెయిన్ నుంచి వచ్చిన గుర్రాల కాపరి ఆంటన్, కుక్కల బండి తోలే డిమిత్రీ ఉన్నారు. అయితే ఆయన ముందు నిలబడటం తేలికేమీ కాదు. ఫోటో బాగా రావడం కోసం చలిలో వంకర భంగిమల్లో నిలబెట్టేవాడు. దానికి తోటివాళ్ళు ఆయన పేరుతోనే 'పాంట్' అని ఒక క్రియాపదం తయారుచేశారు. గడ్డకట్టేదాకా ఫోటోకి నిలబడటం అని దాని అర్థం. నవ్వులాటకే అన్నా అందులో నిజం ఉంది. క్లిసోల్డ్ ఒకసారి మంచుకొండ మీద అలా నిలబడబోయి జారిపడ్డాడు. నడుముకి దెబ్బ తగిలి దక్షిణ ప్రయాణానికి వెళ్ళలేకపోయాడు.

ఏప్రిల్ చివర మునిగిన సూర్యుడు అక్కడ మళ్ళీ ఆగస్టు చివరికి గానీ కనపడడు. ఆ నాలుగు నెలలు ఆ చెక్క ఇల్లు ఒక బడి అయింది. వారానికి మూడు సాయంత్రాలు ఉపన్యాసాలు. సిమ్లాలో మన వాతావరణ శాఖలో పనిచేస్తూ వచ్చిన సింప్సన్ వాతావరణం గురించి చెప్పేవాడు. మహూ కంటోన్మెంట్‌లో సైనికాధికారిగా ఉండి వచ్చిన ఓట్స్ గుర్రాల పెంపకం గురించి చెప్పాడు. పాంటింగ్ స్లైడ్లు వేసి బర్మా, జపాన్ చూపించేవాడు. చుట్టూ చీకటి, మంచుతుఫాను. గోడ మీద బర్మా పగోడాలు, జపాన్ తోటలు.

మామూలు పాఠాలతో పాటు ఫోటో పాఠాలు కూడా నడిచాయి. స్కాట్, బవర్స్, భూగర్భ శాస్త్రజ్ఞుడు డెబెన్‌హామ్, మరికొందరు ఆయన దగ్గర కెమెరా నేర్చుకున్నారు. బవర్స్ రాయల్ ఇండియన్ మెరీన్‌లో అధికారి, మన తీరాల్లో పనిచేసినవాడు. ఎక్స్‌పోజర్ ఎంత ఇవ్వాలి, మంచు మీద వెలుగుని ఎలా అంచనా వేయాలి అన్నీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. పాంటింగ్ ఓపిగ్గా చెప్పాడు.

ఆ ఓపికకి కారణం ఉంది. ధ్రువం దాకా తాను వెళ్ళడని ఆయనకి తెలుసు. రానూపోనూ సుమారు 2,800 కిలోమీటర్లు. మనుషులు స్లెడ్జిలు లాక్కుంటూ నడవాల్సిన దారి. గాజు ప్లేట్లు, బరువైన కెమెరాలు అక్కడికి మోయడం కుదరదు. బయల్దేరే ముందు స్కాట్, విల్సన్, బవర్స్, ఎడ్గార్ ఎవాన్స్‌లని ఇంటి దగ్గరే ఒక గుడారంలో కూర్చోబెట్టి, దారిలో ఎలా వండుకుంటారో, ఎలా పడుకుంటారో చేసి చూపించమని సినిమా తీశాడు. 1911 నవంబరు 1న స్కాట్ బయల్దేరాడు. పాంటింగ్ 1912 తొలి నెలల్లో ఓడెక్కి తిరుగుప్రయాణం అయ్యాడు.

తరవాతి సంగతి లోకానికి తెలిసిందే. ఐదుగురూ జనవరి 17న ధ్రువం చేరేసరికి నార్వే దేశస్థుడు అముండ్సెన్ అయిదు వారాల ముందే వచ్చి వెళ్ళిపోయాడు. మర్నాడు బవర్స్ కెమెరా నిలబెట్టి, దారం కట్టి, వచ్చి కూర్చుని లాగాడు. ఆ ఫోటోలో ఎవరి మొహంలోనూ గెలిచిన కళ లేదు. తిరుగుదారిలో ఒకరి తరవాత ఒకరు ఐదుగురూ చనిపోయారు. స్కాట్ డైరీలో ఆఖరి తేదీ మార్చి 29.

చలికాలమంతా ఆగి, అక్టోబరు చివర వెతకడానికి ఒక బృందం బయల్దేరింది. వాళ్ళ స్లెడ్జిలు లాగినవి మన దేశం నుంచి తెప్పించిన ఏడు కంచర గాడిదలు. వాటి పేర్లు గులాబ్, బేగం, రాణీ, ప్యారీ, అబ్దుల్లా, లాల్ ఖాన్, ఖాన్ సాహెబ్. నవంబరు 12న గుడారం దొరికింది. లోపల మూడు శరీరాలు, డైరీలు, ఉత్తరాలు, కడగని ఫిల్మ్. ఏడున్నర నెలలు ఆ ఫిల్మ్ మంచులో పడి ఉంది. దాన్ని కేప్ ఎవాన్స్ తెచ్చి, పాంటింగ్ డార్క్ రూమ్‌లో కడిగినవాడు ఆయన దగ్గర నేర్చుకున్న డెబెన్‌హామ్. ఒక శిష్యుడు తీసిన ఫోటోని ఇంకో శిష్యుడు వెలుగులోకి తెచ్చాడు. అప్పుడు గురువు అక్కడ లేడు.

పాంటింగ్ మిగిలిన జీవితమంతా ఆ యాత్ర చుట్టూనే తిరిగింది. ఉపన్యాసాలు ఇచ్చాడు, 1921లో పుస్తకం రాశాడు, 1933లో తన సినిమాకి మాట కలిపి మళ్ళీ విడుదల చేశాడు. డబ్బు పెద్దగా మిగల్లేదు. 1935లో లండన్‌లో చనిపోయాడు. ఆయన తీసిన 1,700 ప్లేట్లలో ధ్రువం ఫోటో ఒక్కటీ లేదు. ఆ యాత్రలో అందరికంటే ముఖ్యమైన ఫోటోని ఆయన తియ్యలేదు, తీయడం నేర్పాడు. నా దృష్టిలో ఆ ఫోటోలో ఆరో మనిషి కూడా ఉన్నాడు.

మన స్కూలుకి యాభై ఏళ్ళు. మనం వెళ్ళిన చోట్లకి మన మాస్టార్లు రాలేదు. కొందరు ఈ స్వర్ణోత్సవానికి కూడా లేరు. మనం చేసిన పనుల్లో వాళ్ళ చెయ్యి ఎంతుందో మనకే తెలుసు. ఆంటన్, క్లిసోల్డ్ ఎవరో ఈరోజు మనకి తెలుస్తోందంటే ఆ ఫోటోల కింద పేర్లు, తేదీలు ఉండటం వల్లే. మన పాత గ్రూప్ ఫోటోల వెనక చాలావాటికి పేర్లు లేవు. అందుకే నా మనవి ఒకటే. ఉత్సవానికి వచ్చేటప్పుడు మీ దగ్గరున్న ఫోటో తీసుకురండి. మాస్టార్ల పేర్లు, క్లాస్‌మేట్ల పేర్లు, గంట కొట్టిన అటెండర్ గారి పేరు కూడా వెనక రాద్దాం. గుర్తున్నవాళ్ళం ఉన్నప్పుడే ఆ పని జరగాలి.