వేదికపై శివశంకరి

1961లో విడుదలైన ‘జగదేకవీరుని కథ’ సినిమాలోని ‘శివశంకరి’ పాటను పింగళి నాగేంద్రరావు రాశారు. పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీ కానడలో స్వరపరిచారు. పాడిన ఘంటసాల పుట్టింది గుడివాడ దగ్గరి చౌటపల్లిలో. తెరపై గాయకుడూ వాద్యకారులూ తానే అయిన ఎన్.టి. రామారావుది నిమ్మకూరు. ఆ లెక్కన ఈ పాట కృష్ణా డెల్టా సొత్తే.

సినిమాలో ఈ గానానికి రాయి కరుగుతుంది. వేదికపై మాత్రం కరిగేది గాయకుడి ఊపిరే. విజయవాడ పటమట నుంచి పల్లె పందిళ్ల దాకా ఆర్కెస్ట్రా గాయకులకు ఇంతకు మించిన పరీక్ష లేదు. మొదట ఆలాపన నిదానంగా సాగుతుంది. చివర స్వరాలు పరుగందుకోగానే గాయకుడి వేళ్లు మైకు మీద బిగుసుకుంటాయి. మృదంగం వాయించే మనిషి కళ్లు అతని పెదాల మీంచి కదలవు. వీణ దొరకనిచోట ఆ పలుకులు కీబోర్డు మీదే పలికిస్తారు.