అశోకుని జాబితా, బార్నవాపారా సరిహద్దు

భిలాయి ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన క్యాంప్ 1 వంటి కార్మిక వాడలలో తెలుగు కుటుంబాలు అనేకం స్థిరపడ్డాయి. అక్కడి నుండి రాయ్‌పూర్ దాటి తూర్పుగా వెళితే మహానది ఒడ్డున సిర్పూర్ వస్తుంది. దక్షిణ కోసల రాజధాని శ్రీపురం ఇదే. మహాశివగుప్త బాలార్జునుని పాలనలో ఆనందప్రభుడనే భిక్షువు నిర్మింపజేసిన విహారం ఇక్కడ 1950లలో ఎం.జి. దీక్షిత్ జరిపిన త్రవ్వకాలలో బయల్పడింది. దానికి చేరువలోనే సుమారు 245 చదరపు కిలోమీటర్ల బార్నవాపారా అభయారణ్యం ఉంది. 1976లో ఏర్పడిన ఈ అడవిని అటవీశాఖ చూస్తుంది. విహారాన్ని పురావస్తు శాఖ చూస్తుంది. ఇంత దగ్గరగా ఉన్న రెండింటినీ రాజ్యం వేర్వేరు కొలతలతో ఎంచుకున్నది.

ఈ ఎంపికకు మన దేశంలో లభించే తొలి లిఖితాధారాలలో అశోకుని అయిదవ స్తంభశాసనం ముఖ్యమైనది. పట్టాభిషేకం జరిగిన 26 ఏళ్లకు వేయించిన ఆ శాసనంలో వధింపరాని ప్రాణుల జాబితా ఉంది: చిలుక, గోరువంక, చక్రవాకం, గబ్బిలం, తాబేలు, ముళ్లపంది మొదలైనవి. పులి పేరు లేదు. నెమలి పేరూ లేదు. అహింసా ప్రబోధంగా మాత్రమే దీనిని చదివేవారు ఒక వాక్యాన్ని దాటిపోతుంటారు. నిర్ణీత పర్వదినాలలో నాగవనంలోను, జాలరుల చేపల మడుగులలోను ఇతర ప్రాణులను కూడా చంపరాదని ఆజ్ఞ. అంటే ప్రాణితో పాటు తిథి, తిథితో పాటు చోటు కూడా రక్షణలోకి వచ్చాయి. నాగవనం ఏనుగుల అడవి. ఏనుగును చంపినవానికి మరణదండన విధించిన కౌటిల్యుని అర్థశాస్త్రం నాగవనానికి ప్రత్యేకంగా అధ్యక్షుని నియమించింది. అయితే అక్కడి లక్ష్యం సైన్యానికి ఏనుగులు. కరుణ, అవసరం ఒకే అడవిలో కలిసే ఉన్నాయని నా అభిప్రాయం.

అడవిలోని మనుషుల సంగతి వేరు. కర్నూలు సీమలోని ఎర్రగుడి శిలలపై కూడా ఉన్న పదమూడవ శాసనంలో అశోకుడు అటవికులకు హితవుతో పాటు హెచ్చరికనూ వినిపించాడు. ప్రయాగ స్తంభం మరింత ఆలోచింపజేస్తుంది. అశోకుని ఆరు స్తంభశాసనాలు చెక్కిన ఆ రాతిమీదనే, తరువాతి శతాబ్దాలలో సముద్రగుప్తుని ప్రశస్తి చేరింది. కోసల మహేంద్రుడు, మహాకాంతారపు వ్యాఘ్రరాజు ఓడినట్లు, అటవీ రాజులందరూ పరిచారకులైనట్లు అది చెబుతుంది. జంతువుకు అభయమిచ్చిన రాతిమీదే అడవి మనిషి లొంగుబాటు కూడా నమోదైంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండు పద్ధతులనూ నిలుపుకున్నది. షెడ్యూళ్లు ప్రాణుల జాబితాలు. అభయారణ్యం సరిహద్దు గీత. పర్యావరణ, జంతు, వృక్ష ప్రాముఖ్యం తగినంత ఉన్నదని భావిస్తే రాష్ట్ర ప్రభుత్వం ప్రకటన చేస్తుంది. 1991 సవరణ తరువాత మొదట ఉద్దేశం మాత్రమే ప్రకటించి, కలెక్టరు స్థానికుల హక్కులను విచారించిన మీదటనే తుది ప్రకటన వెలువడాలి. 2006 అటవీ హక్కుల చట్టం మరొక షరతు చేర్చింది: కీలక వన్యప్రాణి ఆవాసం నుండి ప్రజలను తరలించాలంటే గ్రామసభ స్వేచ్ఛాయుత సమ్మతి అవసరం.

బార్, నవాపారా అనేవి రెండు ఊళ్ల పేర్లు. ఆ అభయారణ్యం పేరులోనే మనుషులున్నారు. 2020లో అస్సాంలోని మానస్ నుండి ఇక్కడికి అడవి దున్నలను తెచ్చినపుడు ఆ రాక పత్రికలకెక్కింది. హక్కుల విచారణ పత్రాలను చదివేవారు మాత్రం అరుదు. శాసన పాఠాన్ని అక్షరమక్షరంగా పరిశీలించే మన పరిశోధకులు సిర్పూర్ వెళ్లినపుడు ఆ దస్త్రాలను కూడా కలెక్టరు కార్యాలయంలో అడిగి చూడవచ్చు. విహారపు పొలాలు, చెరువులు ఎక్కడిదాకా ఉండేవో వెదికేటప్పుడు ఆ ఊళ్ల పాత హద్దులు పనికివస్తాయి.